ఆల్టర్నేటర్ కొత్తది, తీగ పాతది

మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో రాత్రి రైలు దిగిన యాత్రికులను ఊళ్లోకి చేర్చడం ఒకప్పుడు అంబాసిడర్ కార్ల పని. స్టేషన్‌కూ ఊరికీ మధ్య పది కిలోమీటర్లకు పైనే దూరం. ఆ దారిలో ఎదురయ్యే బండిని గమనించినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బండి వేగంగా వస్తున్నంతసేపూ లైట్లు తెల్లగా వెలిగేవి. మలుపు దగ్గర నెమ్మదించగానే ఆముదపు దీపంలా ఎర్రబడేవి. బ్యాటరీ పోయిందని యజమాని కొత్తది కొనేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే కథ. లోపం బ్యాటరీలో కాదు, దాన్ని నింపే డైనమోలో ఉంది.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా తాతల నాటి కారునో, పాత జీపునో, డైనమో ఉన్న ట్రాక్టర్‌నో అమ్ముకోలేక ఉంచుకున్న ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. అలాంటివారు డైనమో తీయించి ఆల్టర్నేటర్ పెట్టించుకుంటున్నారు. మంచి పనే. సగం చేసి వదిలేస్తే మాత్రం బండికి నిప్పంటుకునే పని.

రెండింటికీ తేడా ఏమిటి? డైనమోలో కరెంటు పుట్టేది తిరిగే భాగంలో. పుట్టిన కరెంటంతా కార్బన్ బ్రష్‌ల గుండానే బయటికి రావాలి. అందుకే దాన్ని మరీ వేగంగా తిప్పడానికి లేదు. పాత బ్రిటిష్ నమూనా డైనమోలు గట్టిగా తిరిగినప్పుడు ఇచ్చేది 22 ఆంపియర్లు. ఇంజన్ ఐడిల్‌లో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వవు. అప్పుడు కటౌట్ తెరుచుకుంటుంది, భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. రెండు హెడ్‌లైట్లే పది ఆంపియర్లు తాగుతాయి. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టేది కదలని భాగంలో. బ్రష్‌ల గుండా పోయేది కొద్దిపాటి కరెంటే. కనుక దాన్ని ఎక్కువ వేగంతో తిప్పవచ్చు, ఐడిల్‌లో కూడా చార్జింగ్ ఇస్తుంది. అది పుట్టించే ఏసీ కరెంటును డయోడ్లు డీసీగా మారుస్తాయి. సిలికాన్ డయోడ్లు చౌకగా దొరకడం మొదలయ్యాకే ఇది కార్లలోకి వచ్చింది. అమెరికాలో క్రిస్లర్ కంపెనీ 1960లో వాలియంట్ కారుకు దీన్ని అమర్చింది. మన దగ్గరికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇదంతా నాకు చెప్పింది నా దగ్గర ఆరో తరగతి వరకు చదివి షెడ్డుకు వెళ్లిపోయిన కుర్రవాడు. ఇప్పుడతను ఆదోనిలో ఆటో ఎలక్ట్రీషియన్. మదరసాలో నన్ను ఉస్తాద్ అని పిలిచినవాణ్ని ఇప్పుడు షెడ్డులో పిల్లలు ఉస్తాద్ అంటున్నారు. అతని దగ్గరికి నేను శాగిర్దులా వెళ్లవలసి వచ్చిన సందర్భం చెబుతాను.

మా బావగారు తన పాత పెట్రోల్ అంబాసిడర్‌కు వేరే ఊరి షెడ్డులో ఆల్టర్నేటర్ పెట్టించారు. బిగించిన పెద్దాయన ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి చూపించాడు. ఇంజన్ ఆగలేదు. "చూశారా, చార్జింగ్ అవుతోంది!" అన్నాడు. డైనమో కాలం నుంచి షెడ్లలో ఉన్న పరీక్ష అది. అందరూ సంతోషించారు. ఆ రాత్రి ఎమ్మిగనూరులో వలీమా తిని మంత్రాలయం వైపు వస్తుంటే మొదట హారన్ మూగబోయింది, తర్వాత లైట్లు మసకబారాయి, చివరికి ఇంజనే ఆగింది. పెట్రోల్ బండికి నిప్పురవ్వ కూడా బ్యాటరీ నుంచే రావాలి కదా. మా అక్కయ్య, చంటిబిడ్డతో కోడలు, ఇద్దరు పిల్లలు చీకట్లో రోడ్డు పక్కన కూర్చున్నారు. చాలాసేపటికి ఒక వ్యాను ఆగి వారిని ఎక్కించుకుంది.

మర్నాడు బండిని ఆదోనికి లాక్కెళ్లాం. మావాడు ఆల్టర్నేటర్ విప్పి చూశాడు. "డయోడ్లు పోయాయి మౌల్వీసాబ్. టెర్మినల్ పీకినప్పుడే పోయాయి" అన్నాడు. నడుస్తున్న ఆల్టర్నేటర్‌కు బ్యాటరీ కుషన్ లాంటిదట. దాన్ని హఠాత్తుగా తప్పిస్తే వోల్టేజీ ఎన్నో రెట్లు ఎగురుతుంది. డైనమో కొంత ఓర్చుకుంటుంది, డయోడ్లు ఓర్చుకోలేవు. బ్యాటరీని తిరగేసి బిగించినా ఇంతే. పాత బండ్లలో కొన్నింటికి ప్లస్ ఎర్త్ ఉండేది. అలాంటి బండిని ముందు మైనస్ ఎర్త్‌కు మార్చుకోవాలి. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా ఆల్టర్నేటర్ తీగలు ఊడదీయాలి.

తర్వాత అతను డాష్‌బోర్డు వెనుక చెయ్యి పెట్టి ఒక తీగను బయటికి లాగాడు. వేలితో వంచగానే దాని పైతొడుగు పెళుసుగా విరిగి రాలింది.

"అల్లా కాపాడాడు సాబ్. డయోడ్లు పోయాయి కనుక దారిలో ఆగారు. అవి బాగుండి ఉంటే ఇది కాలేది."

22 ఆంపియర్ల డైనమోకు వేసిన తీగ అది. 45 ఆంపియర్లు ఇవ్వగల ఆల్టర్నేటర్‌ను తెచ్చి దానికే తగిలించారు. ఆ కరెంటంతా పాత ఆంపియర్ మీటర్ గుండా కూడా పోతుంది. ఆ మీటరు ముప్పై ఆంపియర్ల వరకే. వదులైన నట్టు దగ్గర వేడి పుడుతుంది, పక్కనే గుడ్డ, అట్ట, రబ్బరు. సీమ ఎండలో బానెట్ కింద అసలే నిప్పుల కొలిమి.

అతను చేసిన పని మాకు ఖర్చులో ఆల్టర్నేటర్ ముందు లెక్కలోకి వచ్చేది కాదు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు పది చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను నేరుగా వేసి, బ్యాటరీ దగ్గర తగిన ఫ్యూజ్ పెట్టాడు. ఇంజన్ నుంచి బాడీకి కొత్త ఎర్త్ తీగ వేశాడు. ఆంపియర్ మీటర్ తీసి వోల్టు మీటర్ బిగించాడు. రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపలే ఉంది కనుక పాత కటౌట్ డబ్బా తీగలను తప్పించాడు. చార్జింగ్ ఎర్రలైటు బల్బు మాత్రం కొత్తది వేశాడు. ఆల్టర్నేటర్ మేల్కొనడానికి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుందట. బల్బు మాడితే ఆల్టర్నేటర్ బాగున్నా చార్జింగ్ మొదలుకాకపోవచ్చు. ఎన్ని మంచి ఆల్టర్నేటర్లు ఆ చిన్న బల్బు వల్ల పాత సామానులోకి పోయాయో!

పరీక్షకు టెర్మినల్ పీకనక్కర్లేదు, చిన్న మీటరు చాలు. ఇంజన్ ఆపి ఉంచినప్పుడు నిండిన బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు చూపాలి. నడుస్తున్నప్పుడు 13.8కీ 14.4కీ మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి.

మగ్రిబ్ దాటాక బండిని షెడ్డు గోడకు ఎదురుగా నిలబెట్టి, లైట్లన్నీ వేసి, ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి చూశాం. ముల్లు 13.9 దగ్గర నిలిచింది. గోడ మీద వెలుగు ఎర్రబడలేదు.