కట్‌ కన్నా కాపీయే క్షేమం
కంప్యూటర్‌లో ఫైళ్ల తరలింపునకు తొందర తగదు

మోత్కూర్‌: పెళ్లి వీడియోలు, పిల్లల మార్కుల జాబితాలు, భూమి పత్రాలు, 2016కు ముందు నల్గొండ జిల్లా పేరుతో జారీ అయిన ధ్రువపత్రాల స్కాన్‌ ప్రతులు... బీరువాలో దాచుకునేవన్నీ నేడు ఇంటి కంప్యూటర్‌లోకి చేరాయి. వీటిని పెన్‌డ్రైవ్‌లోకి మార్చేటప్పుడు జరిగే చిన్న పొరపాటుతో శాశ్వతంగా కోల్పోయే ప్రమాదం ఉంది. కాపీ, కట్‌ల మధ్య తేడా తెలిస్తే ఈ నష్టాన్ని నివారించుకోవచ్చు.

తేడా ఇదీ..
'కాపీ' చేస్తే అసలు ఫైలు ఉన్నచోటే ఉండి, మరోచోట నకలు ఏర్పడుతుంది. 'కట్‌' చేసి 'పేస్ట్‌' చేస్తే పాత చోటు ఖాళీ అవుతుంది. ఒకే డ్రైవ్‌లో ఫోల్డరు మార్చినప్పుడు ఫైలులోని సమాచారం కదలదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది. అందుకే ఎంత పెద్ద వీడియో అయినా క్షణాల్లో మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌కు గానీ, మరో డ్రైవ్‌కు గానీ పంపినప్పుడు అలా కాదు. కంప్యూటర్‌ ముందుగా సమాచారమంతా కొత్తచోట రాసి, తర్వాత పాతదాన్ని చెరిపేస్తుంది. ఈలోగా కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్‌ ఊడదీసినా కొన్ని ఫైళ్లు అక్కడ, కొన్ని ఇక్కడ మిగులుతాయి. ఒక్కోసారి పెన్‌డ్రైవ్‌ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు.

మౌస్‌తో లాగితే..
విండోస్‌లో ఫైలును మౌస్‌తో లాగి అదే డ్రైవ్‌లోని మరో ఫోల్డరులో వదిలితే తరలిపోతుంది. వేరే డ్రైవ్‌లో వదిలితే నకలు ఏర్పడుతుంది. కంట్రోల్‌ మీట నొక్కి లాగితే ఎక్కడైనా నకలే, షిఫ్ట్‌ నొక్కితే తరలింపే. కుడి మీటతో లాగితే ఏది కావాలో కంప్యూటరే అడుగుతుంది. పొరపాటు జరిగితే వెంటనే కంట్రోల్‌, జెడ్‌ మీటలు కలిపి నొక్కాలి.

పాటించాల్సిన జాగ్రత్తలు
* ముందు కాపీ చేయాలి. కొత్తచోట ఫైలు తెరిచి చూశాకే పాతదాన్ని తొలగించాలి.
* పెన్‌డ్రైవ్‌లో తొలగించిన ఫైళ్లు సాధారణంగా రీసైకిల్‌ బిన్‌లోకి చేరవు.
* పెన్‌డ్రైవ్‌ తీసే ముందు 'ఎజెక్ట్‌' ఎంచుకోవాలి.
* ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్‌ చేసిన పెన్‌డ్రైవ్‌ ఖాళీగా ఉన్నా, 4 జీబీ దాటిన ఒక్క ఫైలును స్వీకరించదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే సరిపోతుంది. అయితే ఫార్మాట్‌తో అందులోనివన్నీ చెరిగిపోతాయి కనుక ముందే వేరేచోట భద్రపరచుకోవాలి.

తెలుగు ఫైళ్ల విషయంలో..
అను వంటి పాత ఖతులతో టైపు చేసిన ఫైలును, ఆ ఖతి లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. పాడైందనుకుని దాన్ని చెరిపేయరాదు. ఆ ఖతి ఉన్న కంప్యూటర్‌లో అక్షరాలు యథాతథంగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసుకుంటే ఈ చిక్కు ఉండదు.

కంప్యూటర్‌ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి 'కట్‌' చేసిన ఫైలుకు మిగిలేది ఒకే ప్రతి. ఆ పెన్‌డ్రైవ్‌ పోతే ఫైలూ పోయినట్లే. ముఖ్యమైన పత్రాలు, ఫొటోలు కనీసం రెండుచోట్ల ఉండేలా చూసుకోవడమే శ్రేయస్కరం.