డొమైన్ పేరు నమోదులో గోప్యత

డొమైన్ పేరు నమోదులో గోప్యత అనగా ఒక వెబ్‌సైటు పేరును నమోదు చేసుకొన్న వ్యక్తి ఇంటి చిరునామా, ఫోను నెంబరు, ఈ-మెయిలు వంటి వివరాలు బహిరంగంగా కనబడకుండా కాపాడుట. పేరును నమోదు చేసుకొనేటప్పుడు ఈ వివరాలను రిజిస్ట్రారు సంస్థకు తప్పక ఇవ్వవలెను. గోప్యత వలన అవి ప్రజల కంటికి మాత్రమే మరుగగును. రిజిస్ట్రారు వద్ద యథాతథంగా ఉండును. ఈ భేదమును గ్రహించుట ముఖ్యము.

చరిత్ర

అంతర్జాలమునకు పూర్వరూపమైన ఆర్పానెట్‌ను వాడువారి పేర్లు, చిరునామాలు, ఫోను నెంబర్లతో ఒక సూచిక ఉండేది. దానిని వెదకు పద్ధతికి "ఎవరు?" అను అర్థమిచ్చే "హూఈజ్" అను పేరు వచ్చినది. 1982లో దీనికి లిఖిత ప్రమాణం ఏర్పడినది. వాడుకరులు కొద్దిమంది పరిశోధకులే గనుక, ఏదైనా యంత్రం చెడిపోయినచో సంబంధిత వ్యక్తికి ఫోను చేయుటకు అది ఉపకరించేది.

తరువాత వ్యాపారులు, రచయితలు, విద్యార్థులు కూడ డొమైన్ పేర్లు కొనసాగిరి. పద్ధతి మాత్రం మారలేదు. 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ డాట్ కామ్ వంటి పేర్ల యజమానుల వివరాలను ప్రజలకు అందుబాటులో ఉంచవలెనని రిజిస్ట్రార్లతో ఒప్పందాలలో నిర్దేశించినది. దీని ఫలితంగా క్రొత్తగా పేరు కొన్నవారికి వెబ్‌సైటు తయారుచేసి ఇత్తుమని వరుసగా ఫోనులు రావడం, గడువు ముగియుచున్నదని మోసపు ఉత్తరాలు రావడం సాధారణమైనది.

ఐరోపా సమాఖ్య దత్తాంశ రక్షణ నిబంధనలు 2018 మే 25న అమలులోకి వచ్చినవి. అందుకు అనుగుణంగా ఐకాన్ అదే నెల 17న తాత్కాలిక నిబంధనలను ఆమోదించినది. అప్పటినుండి అనేక రిజిస్ట్రార్లు ఐరోపావారివే కాక ఇతర దేశస్థుల వివరాలను కూడ మరుగుపరచుచున్నవి. 2025 జనవరి 28 నుండి డాట్ కామ్ వంటి పేర్ల విషయంలో హూఈజ్ సేవను నడపవలసిన నిర్బంధం తొలగినది. దాని స్థానమును ఆర్‌డీఏపీ అను క్రొత్త పద్ధతి ఆక్రమించినది.

గోప్యతా సేవలు

ఇవి రెండు విధాలు.

మొదటి దానిలో పేరు యజమానిదే ఉండును. చిరునామా, ఈ-మెయిలు స్థానంలో మాత్రం సేవాసంస్థ వివరాలు కనిపించును. ఆ సంస్థ తనకు వచ్చిన ఉత్తరాలను యజమానికి చేరవేయును.

రెండవది ప్రతినిధి సేవ. దీనిలో సేవాసంస్థయే నమోదుదారుగా కనబడి, పేరును వాడుకొను హక్కును ఖాతాదారునికి ఇచ్చును. సంస్థతో వివాదం వచ్చినచో పేరు తనదేనని నిరూపించుకొను భారం ఖాతాదారునిపై పడవచ్చును.

భారతదేశంలో

డాట్ ఇన్ పేర్లను 2003లో స్థాపితమైన నిక్సీ సంస్థ పర్యవేక్షించుచున్నది. 2005 నుండి ఈ పేర్లు సామాన్య ప్రజలకు విరివిగా లభించుచున్నవి. డాట్ ఇన్ పేర్లకు పైన చెప్పిన గోప్యతా సేవలను వాడుటకు నిబంధనలు అంగీకరించవు. అయితే రిజిస్ట్రీయే వ్యక్తిగత వివరాలను మరుగుపరచి, సంస్థ పేరు, రాష్ట్రం, దేశం మాత్రం చూపుచున్నది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం వచ్చినది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల వ్యవధి తరువాత అమలుకు రావలసి ఉన్నవి. ఒక వ్యక్తి తన వివరాలను తానే బహిరంగపరచినచో వాటికి ఈ చట్టం వర్తించదు. కనుక వెబ్‌సైటులోనే ఇంటి చిరునామా ప్రకటించినవారికి నమోదులోని గోప్యత వలన ప్రయోజనం స్వల్పం.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతంలో

ప్రభుత్వ జిల్లా వెబ్‌సైట్లలో ఈ సమస్య లేదు. కలెక్టరేటు చిరునామా అందరికీ తెలియవలసినదే. గృహ పరిశ్రమల సంగతి వేరు. కరీంనగర్ వెండి నగిషీ, నిర్మల్ బొమ్మలు, ఆదిలాబాదు డోక్రా లోహశిల్పం భౌగోళిక గుర్తింపు పొందిన కళలు. ఇటువంటి చేతివృత్తులలో అనేకులకు ఇల్లే కార్ఖానా. అట్టి కళాకారుడు తన పేర వెబ్‌సైటు తెరిచినచో, పాత పద్ధతిలో దుకాణం చిరునామాగా కుటుంబం నివసించు ఇంటి నెంబరు, వీధి, 505001 వంటి పిన్‌కోడు లోకమంతటికీ తెలిసేవి.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. అంతకు ముందు నమోదైన పేర్లలో రాష్ట్రం గడిలో ఆంధ్ర ప్రదేశ్ అని ఉండేది. వివరాలను సరిగా ఉంచవలసిన బాధ్యత యజమానిదే గనుక దానిని సవరించుకొనుట అవసరమైనది.

వాదోపవాదాలు

గోప్యత వలన మోసగాండ్రకు కూడ మరుగు దొరకుచున్నదని విమర్శ కలదు. నిర్మల్ బొమ్మల పేరుతో నకిలీ దుకాణం తెరచి డబ్బు కాజేసినవాడు ఎవరో తెలియకపోతే, నష్టపోయిన కొనుగోలుదారుకే కాక అసలు కళాకారునికీ అన్యాయమే. అయితే మోసగాడు మొదటినుండి నిజమైన చిరునామా ఇవ్వడని, బహిరంగ సూచిక వలన బయటపడేది నిజాయితీపరుడేనని గోప్యతావాదులు అందురు. న్యాయస్థానం ఆదేశించినప్పుడు రిజిస్ట్రారు వివరాలు ఇవ్వవలెను. పేరుపై వివాదాలకు 1999 నుండి ఐకాన్ విధానం, డాట్ ఇన్ పేర్లకు 2005 నుండి నిక్సీ మధ్యవర్తిత్వ విధానం ఉన్నవి.

గమనింపదగిన విషయాలు

* తప్పుడు వివరాలు ఇచ్చుట గోప్యత కాదు. 2013 నాటి ఐకాన్ ఒప్పందం ప్రకారం రిజిస్ట్రారు 15 రోజులలో ఈ-మెయిలును గాని ఫోనును గాని ధ్రువీకరించవలెను. బుద్ధిపూర్వకంగా తప్పు వివరాలు ఇచ్చినచో పేరు రద్దు కావచ్చును.
* సంస్థ పేరు గడి చాలా నమోదులలో బయటికి కనిపించును. వ్యక్తులు అందులో సొంత పేరు వ్రాసినచో అది మరుగుపడదు.
* పాత సూచికలను భద్రపరచిన సంస్థలు కలవు. ఒకసారి బహిరంగమైన చిరునామా, తరువాత గోప్యత కోరినంత మాత్రమున చెరిగిపోదు.
* వెబ్‌సైటు తయారుచేసినవారి పేర కాక, యజమాని పేరనే నమోదు జరిగినదో లేదో చూచుకొనవలెను. వివరాలు మరుగున ఉన్నప్పుడు ఈ పొరపాటు సులభంగా బయటపడదు.