ఇరవై అక్షరాల మంత్రం

జపాన్ తరహా ఆర్‌పీజీ (రోల్ ప్లేయింగ్) వీడియో గేముల మీద అంత మోజు ఎందుకు? ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ ఇచ్చిన ప్రశ్న ఇది. బొమ్మలు, సంగీతం, పదుల గంటలు సాగే కథ అంటూ జవాబులు చాలానే వస్తాయి. వాటన్నిటికన్నా గట్టి జవాబు మాత్రం స్కూలు పిల్లల పాత నోట్‌బుక్కుల్లో ఉంది.

1986 మే 27న జపాన్‌లో ‘డ్రాగన్ క్వెస్ట్’ విడుదలైంది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే ఏర్పాటు ఆ క్యాసెట్‌లో లేదు. ఆపాలంటే కోటకు వెళ్లి రాజును కలవాలి. ఆయన ‘బతికించే మంత్రం’ చెబుతాడు: హిరగానా లిపిలో 20 అక్షరాలు. టీవీ ముందు కూర్చుని వాటిని రాసుకోవాలి. మర్నాడు అవే మళ్లీ కొడితే నిన్నటి బంగారం, కత్తి, సంపాదించిన అనుభవం అన్నీ తిరిగొస్తాయి.

ఒక్క అక్షరం తప్పితే మంత్రం తప్పని తెర మీద పడుతుంది, అంతే.

తప్పడం ఎంత తేలికో! హిరగానాలో ‘ను’, ‘మె’ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తోక దగ్గర చిన్న చుట్టే తేడా. ‘హ’ పక్కన రెండు గీతలు పెడితే ‘బ’. గబగబా రాసేటప్పుడు మన ప, వ కలిసిపోయినట్టే. 1987లో వచ్చిన రెండో భాగంలో మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది.

మొదటి ఆటలో ఆ 20 అక్షరాలు తెర మీద 5, 7, 5, 3గా విడిపోయి కనిపిస్తాయి. మొదటి మూడూ హైకూ కొలత. జపాన్ కవి బషో రాసిన కప్ప హైకూ కొట్టి, చివర నీళ్లు చిమ్మిన చప్పుడుకు మూడక్షరాలు చేర్చితే ఆట నిజంగానే మొదలవుతుందని ఆటగాళ్లు కనిపెట్టారు.

గంటల తరబడి స్లైమ్‌లనే అవే చిన్న రాక్షసులను కొట్టడమేమిటని విసుక్కునేవాళ్లున్నారు. ఆ విసుగు నిజమే. కానీ ఈ ఆటలో వీరుడు చచ్చిపోతే సగం బంగారం పోతుంది, అనుభవం పోదు. వేళ్ల చురుకు లేని పిల్లవాడైనా ఓపిక పడితే చివరి రాక్షసుణ్ని కొట్టగలడు. పడ్డ కష్టం లెక్కలో ఉంటుంది, ఆ లెక్క తన చేతిరాతలోనే ఉంటుంది. ఈ ఆటల మీద ప్రేమకు అసలు వేరు అదే.

చరిత్ర రెండు ముక్కల్లో: అమెరికా ఆటలు ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’లను చూసి ముచ్చటపడ్డ యూజి హోరీ ఎనిక్స్ సంస్థకు ‘డ్రాగన్ క్వెస్ట్’ను రూపొందించారు. బొమ్మలు అకిరా తొరియామా, సంగీతం కొయిచి సుగియామా. ఇదే తరహాలో మరో ఆట ‘ఫైనల్ ఫాంటసీ’ 1987 డిసెంబరులో వచ్చింది.

చోటు చాలక
మొదటి క్యాసెట్ మొత్తం 64 కిలోబైట్లు. అందుకే జపాన్ మరో లిపి కటకానాలో 20 అక్షరాలే వాడారు. రాక్షసుల పేర్లు, మంత్రాల పేర్లు వాటితోనే కూర్చారు.

బ్యాటరీ వచ్చాక
1988లో మూడో భాగం క్యాసెట్‌లో బ్యాటరీ పెట్టారు. రాసుకునే పని తప్పింది. అయితే ఒక్కోసారి దాచిన ఆట తుడిచిపెట్టుకుపోయేది. భయపెట్టే వరసతో ఆ కబురు తెర మీద వచ్చేది. 1986లో సరిగ్గా రాసుకున్న మంత్రమైతే, అదే క్యాసెట్‌లో ఈ రోజు కొట్టినా పనిచేస్తుంది.