పరదేశంలో పది వారాలు

పశ్చిమ ప్రకాశం వాసులకు ప్రయాణం కొత్త కాదు. వర్షాభావం, ఫ్లోరైడుతో నిండిన భూగర్భజలం, ఆకాశంపై ఆధారపడిన సేద్యం కారణంగా మార్కాపురం, గిద్దలూరు, దొనకొండ ప్రాంతాల కుటుంబాలు తరతరాలుగా ఉపాధిని వెతుక్కుంటూ గుంటూరుకు, హైదరాబాదుకు వెళుతూనే ఉన్నాయి. గుంటూరు-గుంతకల్లు మార్గంలోని దొనకొండ మీటరుగేజి రోజుల్లో లోకోషెడ్డు ఉన్న రైల్వే ఊరు. బ్రిటిష్ పాలనాకాలంలో నిర్మించిన విమానాశ్రయ స్థలం నేటికీ ఆ ఊరి చెంతనే ఉంది. అక్కడి నుండి విమానాలు ఎగరకపోయినా, ఇటువంటి ఊళ్ల పిల్లలు నేడు విమానమెక్కి దూరదేశాలకు వెళ్లగలుగుతున్నారు. పదవ తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశం కల్పించే ఒంగోలు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు గ్రామీణ విద్యార్థులకు ఈ ద్వారాన్ని మరికొంత తెరిచాయి.

ఈ ప్రయాణాల్లో ఒకటి వేసవి ఇంటర్న్‌షిప్. చదువు పూర్తికాకముందే విద్యార్థి రెండు మూడు నెలలు విదేశీ ప్రయోగశాలలోనో, సంస్థలోనో పనిచేస్తూ నేర్చుకొని తిరిగి వస్తాడు. భారతీయ విద్యార్థుల కోసం జర్మనీకి చెందిన డాడ్ సంస్థ ‘వైజ్’ పేరిట ఇటువంటి కార్యక్రమాన్ని నిర్వహిస్తోంది. కెనడాలో మైటాక్స్ సంస్థ గ్లోబలింక్ పేరిట 12 వారాల పరిశోధనావకాశాన్ని కల్పిస్తోంది. 1948లో లండన్‌లో ప్రారంభమైన ఐయాస్ట్ అనేక దేశాల మధ్య సాంకేతిక విద్యార్థుల మార్పిడిని సాగిస్తోంది. వీటికి వేసవి రావడానికి చాలా నెలల ముందే దరఖాస్తు చేసుకోవాలి. మేము ఈ వ్యాసంలో ఆ దరఖాస్తుల సంగతి కన్నా, ఎంపికైన బిడ్డ అక్కడ గడిపే దినచర్యను గురించే ఎక్కువగా ముచ్చటించదలిచాము. ఎందుకంటే మన ఇళ్లలో తల్లిదండ్రుల నిద్రను దూరం చేసేది ఆ దినచర్యే: ఏమి తింటాడు, ఎక్కడ నమాజు చేస్తాడు, ఎవరితో ఉంటాడు, మారిపోతాడేమో!

ప్రవక్తల జీవితాల్లో పరదేశపు పని

పరదేశంలో యువకుడు పనిచేయడం మన ధర్మచరిత్రకు పరాయి విషయం కాదు. హజ్రత్ మూసా (అలై) ఈజిప్టును వీడి మద్‌యన్ చేరినప్పుడు, అక్కడి వృద్ధుని కుమార్తె ఆయనను పనిలో పెట్టుకోమని తండ్రికి సూచించింది. ఆమె ఆయనలో గుర్తించినవి రెండు గుణాలని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది: బలం, విశ్వసనీయత. నేటి సంస్థలు వెతికే నైపుణ్యం, నిజాయితీ అనే రెండింటికీ అవి సరిగ్గా సరిపోతాయి. మన మహాప్రవక్త ముహమ్మద్ (స) కూడా సుమారు 25 ఏళ్ల ప్రాయంలో హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకుతో సిరియాకు వెళ్లారు. వెంట వెళ్లిన సేవకుడు మైసరా తిరిగి వచ్చి ఆయన ప్రవర్తనను గురించి చెప్పిన మాటలు ఖదీజా (రజి) హృదయాన్ని ఆకట్టుకున్నాయని చరిత్రకారులు రాశారు. వ్యాపారంలో లాభం వచ్చింది నిజమే. కాని ఆమె మనసులో నిలిచింది ఆయన నడవడి.

మన తెలుగు నేలతో సంబంధమున్న ఉదాహరణ కూడా ఒకటున్నది. 1897లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1920ల్లో ఉన్నత విద్యకై బెర్లిన్ వెళ్లారు. అర్థశాస్త్రంలో డాక్టరేటు కోసం చదువుతూనే, అక్కడి కావియానీ ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే పని తానే నేర్చుకొని మీర్జా గాలిబ్ దీవాన్‌ను అచ్చువేయించారు. 1926లో స్వదేశానికి తిరిగివచ్చి, ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న జామియా మిల్లియా ఇస్లామియా బాధ్యతను స్వీకరించారు. 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు. పరదేశంలో చేతిపనిని చిన్నచూపు చూడకుండా నేర్చుకోవడం, నేర్చుకున్నదానిని తన సమాజానికి తిరిగి ఇవ్వడం ఆయన జీవితంలో మన పిల్లలు గమనించవలసిన విషయాలు.

సూర్యుడు ఆలస్యంగా అస్తమించే చోట

దొనకొండ నుండి ఒక విద్యార్థి మే నెలలో బెర్లిన్ చేరాడనుకుందాం. ఇక్కడ మండుటెండ, అక్కడ ఉదయాన స్వెట్టరు కావలసినంత చలి. మొదటి ఆశ్చర్యం నమాజు వేళలతోనే మొదలవుతుంది. జూన్ మూడవ వారంలో దొనకొండలో పొద్దుగూకే సమయం సుమారు 6:45. బెర్లిన్‌లో రాత్రి 9:30 దాటిన తరువాతే మగ్రిబ్. సూర్యోదయం 4:45కు ముందే అయిపోతుంది. నడివేసవిలో అక్కడ రాత్రంతా ఆకాశంలో పలుచని వెలుగు మిగిలే ఉంటుంది గనుక ఇషా, ఫజ్ర్ వేళలను నిర్ణయించడంలో ధర్మవేత్తలు వేర్వేరు పద్ధతులు సూచించారు. ఫోనులోని ఒక్కో యాప్ ఒక్కో సమయం చూపుతుంటే గందరగోళపడే కన్నా, దగ్గరలోని మస్జిద్ అనుసరించే పట్టికను పాటించడం ఉత్తమం. ఇషాకు, ఫజ్ర్‌కు మధ్య మిగిలేది కొద్ది గంటలే. కాబట్టి సాయంత్రం పని ముగించి వచ్చాక కాసేపు కునుకు తీసే అలవాటు చేసుకోకపోతే, వారం తిరగకముందే నమాజో పనో దెబ్బతింటుంది.

ఖిబ్లా దిశ కూడా మారుతుంది. మన ప్రాంతంలో పడమరకు కాస్త ఉత్తరంగా నిలబడతాము. బెర్లిన్‌లో ఆగ్నేయానికి, కెనడాలోని టొరంటోలో ఈశాన్యానికి తిరగాలి. ‘ప్రయాణికుడిని కదా, నమాజులు కుదించుకోవచ్చు’ అని కొందరు పిల్లలు భావిస్తారు. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ విధానం ప్రకారం ఒకచోట 15 రోజులు లేదా అంతకు మించి ఉండాలని సంకల్పించినవాడు అక్కడ స్థానికుని వలె పూర్తి నమాజు చేయాలి. దారిలో ఖస్ర్ ఉంటుంది. పది వారాల బసలో ఉండదు.

వుజూ విషయం చిన్నదిగా కనిపించినా అక్కడ రోజూ ఎదురయ్యే పరీక్ష. కార్యాలయంలో చేతులు కడిగే తొట్టిలో కాళ్లు కడిగితే నేల తడిసిపోతుంది, తోటివారు ఇబ్బందిపడతారు. ఉదయం ఇంటివద్దనే పూర్తి వుజూ చేసి తోలు మేజోళ్లు తొడుగుకొంటే, స్థానికునికి ఒక పగలు, ఒక రాత్రి వరకు వాటిపై మసహ్ చేసే సౌలభ్యం ధర్మంలో ఉన్నది. ఈ నియమాన్ని ఇంటివద్ద నేర్పి పంపే తల్లిదండ్రులు ఎందరు?

జుమా నమాజుకు మొదటి వారంలోనే పర్యవేక్షకునితో మర్యాదగా మాట్లాడుకోవాలి. ‘శుక్రవారం మధ్యాహ్నం భోజన విరామంతో పాటు మరికొంత సమయం కావాలి, ఆ మేరకు సాయంత్రం పనిచేస్తాను’ అని ముందుగా చెప్పడం వేరు, చెప్పకుండా మాయమవడం వేరు. జర్మనీలోని మస్జిదులలో అధికభాగం తుర్కీ కార్మికుల చెమటతో వెలిసినవి. 1961లో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చిన ఆ కార్మికులు వసారాల్లో, పాత గోదాముల్లో నమాజు ప్రారంభించి క్రమంగా మస్జిదులు కట్టుకున్నారు. మన బిడ్డకు ఖుత్బాలోని తుర్కీ మాటలు అర్థం కాకపోవచ్చు. కాని పక్కన నిలిచిన వ్యక్తి అందించే సలాం అర్థమవుతుంది. కొత్త నగరంలో హలాల్ దుకాణం చిరునామా, నమ్మదగిన గది వివరం ఎక్కువగా అక్కడే లభిస్తాయి.

గిన్నెలు, పొరుగువారు, చిల్లర

తల్లులు ప్రేమతో సర్దే పెట్టె విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి ప్రయాణికులు మాంసపు, పాల పదార్థాలను వెలుపలి దేశాల నుండి తీసుకురాకూడదు. మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా విమానాశ్రయంలోనే చెత్తబుట్ట పాలవుతాయి. కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి చాలు. అన్నిటికన్నా మేలైనది, బయలుదేరే ముందు నెలరోజులు వంట నేర్పడం. పప్పు, కూర, గుడ్డు, చేప వండుకోగల కుర్రవాడు ఆకలి వల్ల అనుమానాస్పదమైన ఆహారం వైపు చూడడు. ఈ విద్య కుమార్తెలకే గాక కుమారులకూ నేర్పవలసినదే.

అక్కడ ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి; శనివారమే సరుకులు కొనుక్కోవాలి. పానీయం సీసాకు 25 సెంట్ల వరకు ధరావతు కలిపి వసూలు చేస్తారు, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ పైకం వస్తుంది. చెత్తను రకాలవారీగా వేరు చేయాలి. రాత్రి పది దాటితే శబ్దం చేయరాదు. పోపు పొగకు అగ్నిప్రమాద హెచ్చరిక గంట మోగితే భవనమంతా బయటికి రావలసి వస్తుంది. ఇవన్నీ పరాయి దేశపు చాదస్తాలుగా తోచవచ్చు. కాని పొరుగువాని హక్కును అంతగా నొక్కిచెప్పిన ధర్మానుయాయులు ఈ నియమాలను అందరికన్నా ముందు పాటించాలి. ఉమ్మడి వంటగదిలో ఇతరులు నిషిద్ధ మాంసం వండుతారు. తన గిన్నెలు వేరుగా ఉంచుకోవడం, కడిగి వాడుకోవడం, అసహ్యం ప్రదర్శించకుండా తన కారణాన్ని సౌమ్యంగా చెప్పడం, ఈ మూడూ చేయగలిగితే ఎవరితోనూ గొడవ రాదు. పని ముగిశాక సహచరులు మద్యశాలకు పిలిచినప్పుడు కూడా అంతే. సున్నితంగా తప్పుకొని, మరునాడు మధ్యాహ్న భోజనంలో వారితో కలిసి కూర్చుంటే స్నేహం తెగదు.

ఫోను మోగే వేళ

వేసవిలో జర్మనీకి, మనకు మూడున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం ఆరు గంటలకు పని ముగిసేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. మాటలకు అదే తగిన సమయం. అక్కడి మగ్రిబ్ దాకా మేలుకొని ఎదురుచూసే అమ్మీకి అప్పటికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. ‘నమాజు చేశావా, తిన్నావా’ అని రోజూ విచారణ జరిపితే బిడ్డ నోట ‘చేశాను, తిన్నాను’ అన్న జవాబే తప్ప మనసులోని మాట రాదు. ఏమి నేర్చుకున్నావు, ఎవరు సహాయం చేశారు, ఏది కష్టంగా ఉంది అని అడిగితే, నమాజు సంగతి కూడా తనంతట తానే చెబుతాడు.

బక్రీద్ కొన్నేళ్లుగా ఈ మాసాల్లోనే వస్తోంది. 2025లో జర్మనీలో జూన్ 6న, మన దేశంలో జూన్ 7న జరిగింది. అది అక్కడ ప్రభుత్వ సెలవు దినం కాదు. ముందుగా సెలవు కోరి ఈద్ నమాజుకు వెళ్లాలి. బిడ్డ తరఫున ఖుర్బానీని అతని అనుమతితో ఇంటివద్ద జరిపించవచ్చు. ఆనాడు వీడియోలో విందును చూపడం కన్నా, అతని పేరిట ఎవరెవరికి భాగాలు పంచారో చెబితే అతని ఒంటరితనం కొంత తగ్గుతుంది.

పైకం విషయంలోనూ పెద్దలు నిగ్రహం పాటించాలి. యూరోలను రూపాయల్లోకి గుణించి, బంధువులందరికీ ఫోన్లు, అత్తరు సీసాలు లెక్కవేస్తే బిడ్డ భోజనం మానుకొని మిగుల్చుతాడు. ఆ భత్యం అక్కడి అద్దెకు, తిండికి ఇచ్చినది. అది మిగలకపోతే అతడు విఫలుడు కాడు.

పంపే ముందు

ఇంటర్న్‌షిప్ పేరిట మోసాలు పెరుగుతున్నాయి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. కంప్యూటరు ఉద్యోగాలంటూ మన యువకులను కంబోడియా పంపి, అక్కడ సైబరు మోసాలు చేయించిన ముఠా అది. మోసపోయినవారు చదువు లేనివారు కారు. నిజమైన కార్యక్రమాలు విద్యార్థికి భత్యమిస్తాయి. ‘సీటు’ ఇప్పిస్తామని లక్షలు అడగవు. సందర్శక వీసాపై వెళ్లి పనిచేయమనే వాడు చట్టవిరుద్ధమైన పని చేయమంటున్నాడని తెలుసుకోవాలి. ఆహ్వానపత్రాన్ని ఆ సంస్థ అధికారిక చిరునామాకు రాసి ధ్రువీకరించుకోవాలి. కళాశాలలోని అధ్యాపకునికి చూపించాలి. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి అన్న సంగతి మరువరాదు.

కుమార్తెల విషయంలో మహ్రమ్ లేని ప్రయాణంపై ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉంది. హనఫీ పండితుల ప్రసిద్ధాభిప్రాయం దానిని అనుమతించదు. మార్గం, వసతి సురక్షితమైతే అవకాశముందని సమకాలీన పండితులు కొందరు భావించారు. కుటుంబం విశ్వసనీయులైన ఆలిమ్‌ను సంప్రదించి నిర్ణయించుకోవాలి. అయితే నిర్ణయమేదైనా బిడ్డతో కూర్చొని చర్చించిన తరువాతే తీసుకోవాలి. ఆమె ప్రతిభ కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే. విదేశం కుదరకపోతే, మన దేశపు విజ్ఞాన అకాడమీలు మూడు కలిసి నిర్వహించే వేసవి పరిశోధక ఫెలోషిప్ వంటి అవకాశాలు స్వదేశంలోనే ఉన్నాయి. ‘వద్దు’ అనే మాటతో పాటు ‘ఇది చేద్దాం’ అనే మాట కూడా ఆమెకు దక్కాలి.

పది వారాల తరువాత బిడ్డ ధ్రువపత్రంతో తిరిగి వస్తాడు. మస్జిద్ కమిటీ పెద్దలు, ఉపాధ్యాయులు అతనిని ఒకసారి పిలిచి, తొమ్మిది, పది తరగతుల పిల్లల ముందు మాట్లాడించాలని మా సూచన. దరఖాస్తు ఎలా రాశాడో, పర్యవేక్షకుని ప్రశ్న అర్థం కానప్పుడు మళ్లీ ఎలా అడిగాడో, జుమాకు అనుమతి ఎలా కోరాడో వినే పిల్లల్లో ఒకరిద్దరికైనా ధైర్యం కలుగుతుంది. వెళ్లిన చోట విశ్వసనీయతను కాపాడుకొని వచ్చిన ఒక యువకుడు, తన తరువాత అదే ప్రయోగశాలకు దరఖాస్తు చేసే మరొక ముస్లిం బిడ్డకు దారి సుగమం చేస్తాడు. అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, పరదేశంలో స్థిరమైన విశ్వాసాన్ని, క్షేమకరమైన పునరాగమనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.