ఆశ్వయుజంలో మీ గట్టుమీది అతిథులు

రైతు సోదరులారా! వానలు వెనుకబట్టి, చెరువులు నిండి, ఉదయాన గడ్డిపరకలపై మంచు నిలిచే ఈ ఆశ్వయుజంలో ఒక్కమారు చేతిలో స్ప్రేయరు లేకుండా పొలానికి వెళ్ళి చూడండి. సూర్యోదయమైన పిదప గంటసేపు గట్టుమీద కదలక కూర్చుంటే చాలును.

తోక ఆడిస్తూ నేలపై పరుగులిడే కాటుకపిట్ట మొన్నటివరకు అక్కడ లేదు. హిమాలయాల నుండి, ఇంకా ఉత్తరాన ఉన్న దేశాల నుండి వచ్చి, ఎండలు ముదిరే దాకా మనతో ఉండి మరలిపోతుంది. పూర్వకవులు దాని చాంచల్యాన్ని కన్నులకు పోల్చి తృప్తిపడ్డారు గాని, అది వెదకేది మాత్రం పురుగులనే. పశువుల వీపున వాలి, లేచిన మిడతను గాలిలోనే అందుకునే పసులపోలిగాడు మన ఊరివాడే.

మెట్ట ప్రాంతాలవారు సాయంవేళ పిల్లిగద్దల కొరకు చూడండి. రెక్కలు కాస్త పైకెత్తి, పైరును రాసుకుంటున్నట్లు తక్కువ ఎత్తున ఎగురుతాయి. రష్యా, కజకిస్థాన్ మైదానాలలో గుడ్లు పెట్టి పిల్లలను పెంచి, చలికాలానికి నంద్యాల జిల్లా రోళ్ళపాడు వంటి గడ్డిభూములకు చేరుతాయి. మిడతలు, ఎలుకలు వాటి ఆహారం. రాత్రి చెట్టెక్కవు, ఎత్తైన గడ్డిలో నేలమీదనే నిద్రిస్తాయి. బీడులోని గడ్డికి నిప్పు పెట్టేవారు ఈ సంగతి తలచుకొనవలెను.

అతిథులందరూ సాధువులని చెప్పబోము. గులాబీ వన్నె గోరువంకలు మిడతలను తింటాయి, జొన్నకంకులనూ విడువవు.

పురుగుమందు ఖర్చు పంట రుణంలో భాగమే కదా. తగ్గిన ప్రతి పిచికారీ మీ ఖాతాలో మిగులుతుంది. శనగలో పచ్చపురుగు చిన్నదిగా ఉన్నప్పుడే ఎకరాకు ఇరవై వరకు పంగలకర్రలు పాతండి. పక్షి వాలుటకు చోటు ఉంటే పురుగును అదే ఏరుకుంటుంది. ఉధృతి మించితే పక్షులు మాత్రమే చాలవు, అది నిజం. గింజ తినే పక్షులు చేరే పైర్లలో గింజ పాలుపోసుకొనక మునుపే ఆ కర్రలు పీకివేయవలెను.

డీలరు మిత్రులకు ఒక మాట. ఉత్తర అమెరికా నుండి అర్జెంటీనాకు వలస వచ్చి మిడతలపై బ్రతికే స్వెయిన్‌సన్ గద్దలు, 1995-96లో మిడతల కొరకు మోనోక్రోటోఫాస్ చల్లిన పొలాలలో వేల సంఖ్యలో చచ్చిపడినవి. రైతుకు సాయపడవచ్చినవే విషం తిన్నవి. మన దేశంలో ఆ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధించారు. కనుక డబ్బా చేతికిచ్చే ముందు పురుగు నష్టపరిమితి దాటినదా అని రైతును అడగండి.

ఇక దసరా. పాలపిట్టను చూడటం శుభమని మన నమ్మకం; తెలంగాణకు అది రాష్ట్రపక్షి కూడా. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకొని కొందరు దానిని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బు తీసుకొని చూపుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటువంటివారికి రూపాయి కూడా ఈయకండి. జమ్మిచెట్టుకు వెళ్ళే దారిలో కరెంటు తీగలను చూస్తూ నడవండి. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా, ఉన్నదో లేదో అన్నట్లుంటుంది. మిడతను చూసి క్రిందికి దూకినపుడు రెక్కలలోని నీలం ఒక్కసారిగా విచ్చుకుంటుంది.