చరిత్ర సదస్సులు: కొత్త వాదాలకు తొలి పరీక్ష

డిసెంబరు సమీపిస్తున్నదంటే చరిత్రకారులకు సదస్సుల కాలం మొదలైనట్లే. విశ్వవిద్యాలయ ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు, శాసన నిపుణులు, ఆర్కైవ్స్, మ్యూజియంల సిబ్బంది ఒకచోట సమావేశమై, తాము సేకరించిన ఆధారాలను సహచరుల ముందుంచుతారు. గ్రంథంగా వెలువడక ముందే ఒక వాదంలోని బలాబలాలు తేలేది ఈ వేదికల మీదనే.

దేశంలో ఇటువంటి వేదికలలో ప్రధానమైనది ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్. 1935లో పుణెలో ఆధునిక చరిత్రకు పరిమితమైన మహాసభగా ఇది ఆరంభమైంది. 1938లో అలహాబాదులో జరిగిన రెండవ సమావేశం నాటికి అన్ని యుగాల చరిత్రకూ విస్తరించి ప్రస్తుత నామాన్ని స్వీకరించింది. సాధారణంగా ఏటా డిసెంబరు చివరి వారంలో, ఏదో ఒక విశ్వవిద్యాలయం ఆతిథ్యంలో మూడు రోజులపాటు సమావేశాలు జరుగుతాయి. 2023 డిసెంబరులో వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం ఇందుకు వేదిక అయింది.

ఇటువంటి సభలో వెలువడిన ఒక ప్రసంగం ఎంత దూరం ప్రయాణించగలదో తెలుగు నేలపై జరిగిన మరో సమావేశం నిరూపించింది. 1979లో వాల్తేరులో జరిగిన సమావేశంలో మధ్యయుగ విభాగాధ్యక్షుడు హర్బన్స్ ముఖియా, భారత చరిత్రలో అసలు ఫ్యూడల్ వ్యవస్థ ఉన్నదా అని ప్రశ్నించారు. భూదానాల వల్ల రాజుకూ రైతుకూ మధ్య కొత్త భూస్వామ్య వర్గం ఏర్పడిందని ఆర్.ఎస్. శర్మ 1965 నాటి గ్రంథంలో ప్రతిపాదించారు. ఐరోపాలో ప్రభువు రైతు శ్రమను శాసించాడని, భారతదేశంలో మాత్రం సాగు చాలా వరకు రైతు అదుపులోనే సాగిందని ముఖియా వాదించారు. శర్మ దానికి సవివరంగా సమాధానమిచ్చారు. విదేశీ పండితులు సైతం పాల్గొన్న ఆ చర్చ నేటికీ విశ్వవిద్యాలయాలలో పాఠ్యాంశంగా కొనసాగుతోంది.

సదస్సులో పాల్గొనే విధానం కష్టమైనదేమీ కాదు. నిర్వాహకులు కొన్ని నెలల ముందే ప్రకటన వెలువరిస్తారు. సభ్యత్వం లేదా నమోదు రుసుము చెల్లించి, తొలుత పత్ర సంగ్రహాన్ని, గడువులోగా పూర్తి పత్రాన్ని పంపవలసి ఉంటుంది. ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక చరిత్ర, పురావస్తు శాస్త్రం వంటి విభాగాలుగా పత్రాల సమర్పణ జరుగుతుంది. చదివేందుకు లభించేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత శ్రోతలు ప్రశ్నలు వేస్తారు. ఎంపికైన పత్రాలు సంపుటంగా వెలువడతాయి.

జాతీయ స్థాయి సభకు వెళ్లలేని వారికి సౌత్ ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హిస్టరీ కాంగ్రెస్‌లు అందుబాటులో ఉన్నాయి. గ్రామ చరిత్రలు, స్థానిక శాసనాలు, ఆలయ రికార్డుల వంటి అంశాలకు ఈ ప్రాంతీయ సభలు అనువైనవి. సుమారు రెండు శతాబ్దాల క్రితం కాలిన్ మెకంజీ సిబ్బంది ఊరూరా తిరిగి కైఫీయతులను సేకరించినందువల్లనే ఎన్నో గ్రామాల వృత్తాంతాలు నేటికి మిగిలాయి. నేడు రోడ్ల విస్తరణలోనో, ఆలయాల పునర్నిర్మాణంలోనో ఒక శాసనం కనుమరుగైతే, దాని పాఠం అంతకుముందే ఒక పత్రంలో నమోదై ఉండడమే దానికి మిగిలే రక్షణ.

కాగా, అంతర్జాతీయ సదస్సుల పేరిట రుసుము వసూలు చేసి, పరిశీలన లేకుండానే ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. నిర్వహణ బాధ్యత ఎవరిది, పత్రాలను ఎవరు పరిశీలిస్తారు, గత సమావేశాల సంపుటాలు లభిస్తున్నాయా అన్న మూడు విషయాలను దరఖాస్తుకు ముందే నిర్ధారించుకోవాలి. పత్రం సమర్పించకపోయినా, చరిత్రపై ఆసక్తి గల ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రతినిధులుగా నమోదు చేసుకొని చర్చలను వినే అవకాశం అనేక సదస్సులలో ఉంటుంది.