ఆదుకునే చేతికి ఆసరా ఎవరు?

కుండలో నీళ్లున్నంత వరకే చలివేంద్రం. ఎండ ముదిరి దాహంతో వచ్చేవారు పెరిగిన రోజునే కుండ నింపేవారు రాకుండా పోతే? 2020లో కరోనా మహమ్మారి విరుచుకుపడినప్పుడు సేవా సంస్థలకు ఎదురైన పరిస్థితి సరిగ్గా ఇదే. బియ్యం అడిగేవారు, మందులు అడిగేవారు, జనాజా మోయడానికి మనుషులు కావాలని అడిగేవారు ఒక్కసారిగా పెరిగారు. చందా ఇచ్చే చేతులు మాత్రం ఇళ్లలో చిక్కుకుపోయాయి. సేవా సంస్థ కూడా అద్దె కట్టాలి, బండికి డీజిలు పోయించాలి, పనివారికి జీతాలివ్వాలి. మామూలు రోజుల్లో ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు. పదిమందికి పెట్టే చెయ్యే ఖాళీ అయితే దానికి ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నకు బ్రిటన్‌లో ఏ జవాబు దొరికింది, మన దేశంలో ఏం జరిగింది, మన మసీదు కమిటీలు, బైతుల్‌మాల్‌లు దీని నుంచి ఏం నేర్చుకోవాలి అన్నది ఈ వారం చూద్దాం.

రంజానులో మూతపడిన తలుపులు

బ్రిటన్‌లో లాక్‌డౌన్‌ను 2020 మార్చి 23న ప్రకటించారు. అక్కడి పెద్ద ధార్మిక సంస్థలకు వీధివీధినా దుకాణాలుంటాయి. జనం ఇచ్చిన పాత బట్టలు, పుస్తకాలు, సామాన్లు అమ్మి ఆ డబ్బుతో సేవలు నడుపుతారు. ఆ దుకాణాలన్నీ ఒక్కరోజులో మూతపడ్డాయి. ఏటా లండన్‌లో జరిగే మారథాన్ పరుగు కూడా దానాలు పోగుచేయడానికి పెద్ద మార్గం. 2019లో ఆ ఒక్క పరుగు ద్వారానే 6 కోట్ల 60 లక్షల పౌండ్లకు పైగా సేవా సంస్థలకు అందింది. 2020 ఏప్రిల్ 26న జరగవలసిన పరుగు వాయిదా పడింది. మొత్తం మీద మూడు నెలల్లో తమ రాబడిలో 400 కోట్ల పౌండ్లకు పైగా గండి పడుతుందని సేవా సంస్థల సమాఖ్య లెక్కగట్టింది.

ఆ ఏడాది రంజాను మాసం ఏప్రిల్ చివరి వారంలోనే మొదలైంది. ముస్లిం సేవా సంస్థలకు ఏడాది రాబడిలో పెద్ద భాగం వచ్చేది ఆ నెలలోనేనని వేరే చెప్పనక్కరలేదు. మసీదులు మూసి ఉన్నాయి. జుమా రోజున తిరిగే చందా డబ్బా లేదు. ఇఫ్తార్ విందులు లేవు, తరావీహ్ తర్వాత చేసే విజ్ఞప్తులు లేవు.

మన దగ్గరా అదే పరిస్థితి. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. రంజానులో రసీదు పుస్తకాలు పట్టుకుని హైదరాబాదు, విజయవాడ, చెన్నై, ముంబయి తిరిగే మదరసా సఫీర్లు ఆ ఏడాది గడప దాటలేకపోయారు. ఆ నెల రోజుల చందా మీదే ఏడాది పొడవునా పొయ్యి వెలిగే మదరసాలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మనకు తెలియనిది కాదు.

75 కోట్ల పౌండ్లు ఎలా పంచారు?

2020 ఏప్రిల్ 8న బ్రిటన్ అప్పటి ఆర్థికమంత్రి రిషి సునాక్ సేవా సంస్థల కోసమే ప్రత్యేకంగా 75 కోట్ల పౌండ్లు ప్రకటించారు. ఇందులో 36 కోట్లు ప్రభుత్వ శాఖలు నేరుగా ఇవ్వడానికి. మరణశయ్యపై ఉన్న రోగులకు సేవ చేసే హాస్పిస్‌లకు 20 కోట్ల వరకు కేటాయించారు. మరో 37 కోట్లు ఊళ్లలో పనిచేసే చిన్న, మధ్యతరహా సంస్థలకు. ఇక 2 కోట్లు జాతీయ అత్యవసర ట్రస్టు జనం నుంచి వసూలు చేస్తున్న నిధికి జతగా.

లోటు 400 కోట్లయితే ఇచ్చింది 75 కోట్లేనా అని సంస్థలు పెదవి విరిచాయి. వారి మాటలో న్యాయం లేకపోలేదు. అయినా ఆ పంపకంలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఇంగ్లండులో చిన్న సంస్థల కోసం లాటరీ నిధి సంస్థ ద్వారా 20 కోట్ల పౌండ్ల పథకం నడిపారు. (లాటరీ సొమ్ము విషయంలో మన ధర్మం ఏం చెబుతుందో అందరికీ తెలుసు. ఈ 20 కోట్లు మాత్రం ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చినవి. పంచే పని మాత్రమే ఆ సంస్థది.) పథకం లక్ష్యాలు రెండు. ఒకటి, కష్టంలో ఉన్నవారికి సేవలు పెంచడం. రెండు, అవసరమైన సంస్థలు మూతపడకుండా చూడటం. అంటే బియ్యం బస్తాకే కాదు, ఆ బస్తా మోసుకెళ్లే బండికీ, దాన్ని నడిపే మనిషికీ డబ్బు ఇవ్వవచ్చునని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. 8 వేలకు పైగా సంస్థలకు ఈ పథకం కింద సాయం అందింది.

ఉద్యోగుల జీతంలో 80 శాతం ప్రభుత్వమే భరించే పథకం కూడా అప్పుడు ఉంది. అది సేవా సంస్థలకూ వర్తించింది. కానీ దానికో మెలిక. ఆ జీతం తీసుకునే ఉద్యోగి ఇంట్లోనే ఉండాలి, తన సంస్థ కోసం ఉచితంగానైనా పని చేయకూడదు. ఫ్యాక్టరీకి ఇది బాగానే ఉంటుంది. ఆకలిగొన్నవారు గుమ్మం ముందు నిలబడి ఉన్న సంస్థకు ఇది ఎలా పనికివస్తుంది? వ్యాపారానికి కుట్టిన చొక్కా సేవకు సరిపోదని అక్కడివారికి అప్పుడే తెలిసివచ్చింది.

కాగితం ఉన్నవారికే కబురు

ఇలాంటి చిన్న గ్రాంటుకు దరఖాస్తు చేయాలంటే అక్కడ ముఖ్యంగా అడిగేవి మూడు. సంస్థకు రాతపూర్వకమైన నియమావళి ఉండాలి. సంస్థ పేరిటే బ్యాంకు ఖాతా ఉండి, దానిపై కనీసం ఇద్దరు సంతకం చేయాలి. ఆ ఇద్దరూ ఒకరికొకరు బంధువులు కాకూడదు. వినడానికి చిన్న విషయాలే. అయితే ఎవరో ఒకరి సొంత ఖాతాలో చందాలు వేసుకుని, నోటిమాట మీద నడిచే కమిటీకి ఈ మూడూ కొండలే. ఆపద వచ్చాక కాగితాలు పుట్టించలేం. కాగితాలున్నవారికి కబురు అందింది. లేనివారు ఎంత నిజాయితీపరులైనా వరుస బయటే నిలబడ్డారు.

నూరేళ్ల పెద్దలు ఇద్దరు

ప్రభుత్వం ఇచ్చింది ఒక వంతైతే, జనం ఇచ్చింది మరో వంతు. రెండో ప్రపంచయుద్ధ సైనికుడు కెప్టెన్ టామ్ మూర్ 2020 ఏప్రిల్ 30న తనకు నూరేళ్లు నిండేలోగా ఇంటి తోటలో నూరుసార్లు నడుస్తానని, వెయ్యి పౌండ్లు పోగు చేస్తానని బయలుదేరారు. చివరకు 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు పైగా పోగయింది. అదంతా ప్రభుత్వ ఆసుపత్రుల సేవా నిధులకు వెళ్లింది.

ఆయన్ను చూసి మరో నూరేళ్ల పెద్దమనిషి నడక మొదలుపెట్టారు. సిల్హెట్ ప్రాంతంలో పుట్టి 1957లో ఇంగ్లండు వెళ్లిన దబీరుల్ ఇస్లాం చౌదరి ఆయన. రంజానులో రోజా ఉంటూనే తన తోట చుట్టూ 970 సార్లు నడిచారు. 4 లక్షల 20 వేల పౌండ్ల దాకా వచ్చాయి. ఆ సొమ్ము బ్రిటన్ ఆసుపత్రులకూ, అనేక దేశాల్లో కరోనా బాధితులకూ చేరింది. మతం అడగకుండా ఇచ్చిన ఆ చేతులను బ్రిటన్ ప్రభుత్వం ఆ ఏడాదే బిరుదుతో గౌరవించింది.

ఇందులో మరో పాఠం కూడా ఉంది. టామ్ మూర్ పేరిట ఆయన కుటుంబం తర్వాత పెట్టిన వేరొక సంస్థలో నిర్వహణ తప్పులు జరిగాయని, కుటుంబం స్వలాభం పొందిందని అక్కడి చారిటీ కమిషన్ 2024 నవంబరులో తేల్చింది. ఆసుపత్రులకు చేరిన సొమ్ముకు దానితో సంబంధం లేదు. అయినా మంచి పేరు మీద మచ్చ పడింది. ఎంత గొప్పవారి పేరైనా లెక్కకు బదులు కాదు.

మన దేశంలో

మన దగ్గర కథ వేరుగా నడిచింది. లాక్‌డౌన్ తొలి రోజుల్లోనే నీతి ఆయోగ్ 92 వేలకు పైగా స్వచ్ఛంద సంస్థలకు లేఖ రాసి సాయం కోరింది. 2020 ఏప్రిల్‌లో భారత ఆహార సంస్థ గోదాముల నుంచి సేవా సంస్థలు వేలం పాట లేకుండా బియ్యం కిలో 22 రూపాయలకు, గోధుమలు 21 రూపాయలకు కొనుక్కునే వీలు కల్పించారు. ఇది మంచి పనే. కానీ కొనడానికి డబ్బు ఎక్కడిది?

కంపెనీలు తమ లాభాల్లో 2 శాతం సామాజిక సేవకు ఖర్చు పెట్టాలని చట్టం. మార్చి చివరలో ఏర్పాటైన పీఎం కేర్స్ నిధికి ఇచ్చినా అది ఆ లెక్కలోకి వస్తుందని కేంద్రం ప్రకటించింది. దానికిచ్చే విరాళానికి ఆదాయపు పన్నులో నూటికి నూరు శాతం మినహాయింపు. మామూలు ట్రస్టుకిస్తే 50 శాతమే. దాత చెయ్యి సహజంగా ఎటు వంగుతుంది?

ఆ ఏడాది సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. విదేశాల నుంచి విరాళం పొందిన సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. నిర్వహణ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. 2021 వేసవిలో రెండో అల నాటికి పెద్ద సంస్థల చేతికి వచ్చిన సాయం పల్లెల్లోని చిన్న సంస్థలకు చేర్చే దారి మూసుకుపోయింది.

మన కుటుంబాలు ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. లండన్‌లోనో, షికాగోలోనో ఉన్న అబ్బాయి భారత పౌరుడిగానే ఉండి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఊరి సంస్థకు పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అతడు ఆ దేశ పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం వస్తుంది. అప్పుడు పుచ్చుకునే సంస్థకు కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి. ఈ తేడా తెలియకపోతే పుణ్యానికి పోయి చిక్కుల్లో పడతాం.

జకాత్ వేరు, నడిపే ఖర్చు వేరు

జకాత్ సొమ్ముకు ఖర్చు పెట్టే చోట్లు ఎనిమిది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ నెరవేరాలంటే హక్కుదారుడైన పేదవాడిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. దీన్నే తమ్లీక్ అంటారు. కనుక జకాత్‌తో బైతుల్‌మాల్ గది అద్దె కట్టలేం, బండికి టైర్లు వేయించలేం. ఇచ్చేవారేమో జకాత్ ఒక్కటే ఇచ్చి మా బాధ్యత తీరిందనుకుంటారు. బియ్యం ఉంటాయి, చేర్చే బండి ఉండదు. బ్రిటన్‌లో ఆ 20 కోట్ల పౌండ్లు పూడ్చింది ఈ గుంటనే. మన దగ్గర దాన్ని పూడ్చగలిగేది సదకా, లిల్లాహ్ సొమ్మే. జకాత్ ఇచ్చే ప్రతి ఇల్లూ దానికి తోడు కొంత లిల్లాహ్ పేరిట, సంస్థ నడవడానికని చెప్పి ఇస్తే ఆ బండి కదులుతుంది.

కమిటీ పెద్దలకు మా మనవి కూడా ఇదే. సంస్థను రిజిస్టరు చేయించండి. ఖాతా సంస్థ పేరిట, సంతకాలు బంధుత్వం లేని ఇద్దరివి ఉండాలి. జకాత్‌కు ఒక పుస్తకం, సదకాకు మరో పుస్తకం పెట్టండి. ఏడాది హిసాబు మసీదు బోర్డు మీద అంటించండి. సాయం పొందినవారి పేర్లు మాత్రం గుట్టుగా ఉంచండి, వారి పరువు మన అమానత్. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ నిల్వ ఉంచండి.

మరో ఆపద ఎప్పుడొస్తుందో అల్లాహ్‌కే తెలుసు. వచ్చిన రోజున తలుపు తట్టే పేదవాడు మన కాగితాలు చూడడు, మన చెయ్యి చూస్తాడు. ఆ చెయ్యి ఖాళీగా ఉండకూడదంటే పని ఈ జుమా నుంచే మొదలుపెట్టాలి.